తెల్లతెర మీద ఇరవై మార్కులు

సినిమా చూపిస్తే కుర్రకారుకు ఓటు విలువ తెలుస్తుందని మొదట అన్నది నేనే. ఆ తప్పు ఇంకొకరి మీదికి నెట్టే వీలు లేదు. సమావేశం మినిట్స్‌లో నాలుగో అంశం కింద నా పేరుతో సహా ఉంది.

నా పేరు తవిటినాయుడు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, మూడోవాణ్ణయినా నిలబెట్టుకోవాలని మా అమ్మ నన్ను చేటెడు తవుడుకు పక్కింటివాళ్లకు అమ్మి మళ్లీ తెచ్చుకుంది. అంత విలువకు ఇంట్లోకి వచ్చినవాణ్ణి, మా వంశంలో మొదటి డిగ్రీ చదివి, ఆపైన ఎమ్మే చదివి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రానికి కాంట్రాక్టు లెక్చరర్నయ్యాను. ఒక ఇంట్లోకి డిగ్రీ మొదటిసారి వచ్చినప్పుడు దాని వెంట ఒక జబ్బు కూడా వస్తుంది. అచ్చయిన కాగితం కనిపిస్తే లేచి నిలబడాలనిపిస్తుంది. సర్క్యులర్ వస్తే నేను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అర్థం కావడానికి, రెండోసారి ఆనందానికి.

పంచాయతీ ఎన్నికలు రాబోతున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థులను ఓటర్లుగా చేర్పించి, వాళ్లకు రాజకీయ అవగాహన కలిగించడం ఎలాగో ఆలోచించడానికి జిల్లాలో ఒక సమావేశం పెట్టారు. ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావుగారు గంటంబావు మాట్లాడి, చివర్లో "క్షేత్రస్థాయి నుంచి సూచనలు ఆహ్వానించబడుతున్నాయి" అన్నారు. అలాంటి సమావేశాల్లో ఆ మాట తర్వాత వచ్చేది టీ. అందరూ తలుపు వైపు చూస్తున్నారు. నేను లేచాను.

పిల్లలు పుస్తకం ముట్టరనీ, సినిమా అయితే వద్దన్నా చూస్తారనీ, మంచి సినిమా ఒకటి మనమే తీసి చూపిస్తే బాగుంటుందనీ చెప్పాను. నేను కూర్చోకముందే చిదంబరేశ్వరరావుగారు కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూశారు. సూచన చేసినవాడి నెత్తినే పని పడుతుందనేది ప్రభుత్వంలో అందరికీ తెలిసిన నియమమట. అది ఎక్కడా అచ్చు కాలేదు కనక నేను చదవలేదు.

వారం తిరక్కుండా 'జిల్లా యువ ఓటరు చలనచిత్ర విద్యా సంఘం' ఏర్పడింది. ఆయన అధ్యక్షులు, నేను సభ్య కార్యదర్శిని. మొదటి సర్క్యులర్ ఇది:

"ప్రజాస్వామ్య ప్రబోధక చిత్రమును ఆసాంతం వీక్షించి, తదుపరి నిర్వహించబడు ఇరవై మార్కుల పరీక్షయందు ఉత్తీర్ణులైన విద్యార్థినీ విద్యార్థుల ఓటరు నమోదు దరఖాస్తులు మాత్రమే ముందుకు పంపబడవలెను. విద్యార్థుల దరఖాస్తులు కళాశాల ద్వారా తప్ప ఇతర మార్గముల ద్వారా స్వీకరించబడవు."

రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. హాజరు లేనివాడికి హాల్‌టికెట్ ఇవ్వం. పరీక్ష పాసు కానివాడికి పట్టా ఇవ్వం. ఓటు మాత్రం ఊరికే ఎందుకివ్వాలి? మా అటెండరు బంగారయ్య ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తూ, "మరి మా అయ్య ఏ పరీచ్చ రాసీసి ఓటేసినాడు మాస్టారూ?" అని అడిగాడు. ఆ రోజులు వేరని చెప్పాను. ఎలా వేరో అతను అడగలేదు, నేను ఊపిరి పీల్చుకున్నాను.

సినిమా ముప్ఫై ఎనిమిది నిమిషాలది. మా ఊరి నాటక సమాజంవాళ్లు నటించారు. కథ, మాటలు నావే. సర్పంచి పదవికి ధర్మయ్య మాస్టారూ కోటప్పా పోటీ చేస్తారు. కోటప్ప ఇంటింటికీ ఇత్తడి బిందె పంచుతాడు. మొదటిసారి ఓటొచ్చిన కుర్రవాడు తన బిందె తిరిగి ఇచ్చేసి, ధర్మయ్యకు ఓటేస్తాడు. ధర్మయ్య ఒక్క ఓటుతో గెలుస్తాడు. చివర్లో కుర్రవాడి తల్లి కొడుకు వేలి మీది సిరాను కళ్లకద్దుకుని ఏడుస్తుంది. అక్కడ నేనూ ఏడ్చాను. రాసింది నేనే అయినా ఆపుకోలేకపోయాను.

సినిమా సిద్ధమవుతుండగా నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. బీఏ రెండో సంవత్సరం. మా కళాశాలకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి వస్తుంది. వరుసలో కూర్చుంటే ఉందో లేదో తెలియని పిల్ల. నింపిన దరఖాస్తు నా బల్ల మీద పెట్టి, సినిమా ఎప్పుడని అడిగింది. తొందరేమిటన్నాను.

"మా అమ్మ మళ్లీ వార్డు మెంబరుకి నిలబడతంది మాస్టారూ. పోయినసారి మా అమ్మకీ ఆళ్లకీ సమానంగా వచ్చీసినాయి, అరవై ఒకటేసి. చీటీలు తీసినారు. చీటీలో మా అమ్మ పేరు రాలేదు. కుళాయి గొట్టం మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఈపాలి నా ఓటుంటే చీటీ దాకా ఎల్లక్కర్లేదు."

ఆమె తల్లి పేరు అప్పలకొండ. జీడిపిక్కల బట్టీలో పనిచేస్తుంది. ఆ వీధిలో ఈ ఐదేళ్లలో కొత్తగా ఓటొచ్చే వయసు మనిషి నూకరత్నం ఒక్కతే. మిగతావాళ్లందరి ఓట్లూ ఎటు పడేదీ ఆ పిల్ల వేళ్ల మీద లెక్క చెప్పింది. రాజనీతిశాస్త్రంలో నేను రెండేళ్లుగా చెప్పలేకపోయిన పాఠం అది. నాకు గర్వంగా అనిపించి, సినిమా రాగానే మొదటి వరుసలో కూర్చోమన్నాను.

ఓటరు నమోదు గడువుకు ఇరవై రెండు రోజులుంది.

సినిమాను పిల్లలకు చూపించే ముందు సంఘం పరిశీలించాలి. ఎన్నికల వేళ కూడళ్లలో విగ్రహాలకు గుడ్డలు కప్పడం చిదంబరేశ్వరరావుగారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి స్వయంగా చూసుకుంటున్న పని. ఆయన గుడ్డ కప్పని మహానుభావుడు మా జిల్లాలో లేడు. ఆ చూపుతోనే సినిమా చూశారు. ఎదురుగా అభ్యర్థులకు కేటాయించే గుర్తుల జాబితా పెట్టుకున్నారు. మంచం, నిచ్చెన, దువ్వెన, కత్తెర, ఉంగరం, కుక్కరు, గొడుగు, కొబ్బరికాయ, బీరువా, తాళంచెవి, బిందె, ఇలా నూట నలభై మూడున్నాయి. సినిమాలో వాటిలో ఒకటి కనిపించినప్పుడల్లా ఆయన పెన్సిలుతో బల్ల మీద కొట్టేవారు. మొదటి పది నిమిషాల్లో ఆ చప్పుడుకు మాటలు వినపడలేదు.

"ఏ వస్తువు ఏ అభ్యర్థికి గుర్తుగా పరిణమించునో మనకు ముందుగా తెలియదు. కావున సమస్త వస్తుజాలమూ తొలగించబడవలెను" అన్నారు.

తొలగించాం. కొత్త ప్రతిలో కుర్రవాడి తల్లి గాలిలో కూర్చుని, లేని దువ్వెనతో తల దువ్వుకుంటూ, లేని బిందె కొడుకు చేతికిచ్చి తిరిగి ఇచ్చేయమంటుంది. నాటక సమాజంవాళ్లు చూసి, తమ జీవితంలో ఇంత గొప్పగా నటించలేదన్నారు.

రెండో సమావేశంలో కథ మీదికి వెళ్లారు. ధర్మయ్యను మంచివాడుగానూ కోటప్పను చెడ్డవాడుగానూ చూపడం తటస్థతకు భంగమని తేలింది. చెడ్డ అభ్యర్థులకు కూడా సమాన అవకాశం కల్పించడం మన విధి కదా అని అధ్యక్షులు నన్నడిగారు. కాదనడానికి నాకు ఏ నియమమూ గుర్తుకు రాలేదు. ఎవరు గెలిచినా ఇంకొకరిని నిరుత్సాహపరిచినట్టే కాబట్టి ఫలితం తీసేశాం. పేర్లను బట్టి కులం ఊహించవచ్చని పేర్లు తీసేసి 'అభ్యర్థి ఒకటి', 'అభ్యర్థి రెండు' అని పెట్టాం. బ్యాలెట్ కాగితంలో ఒకటో స్థానానికి అదనపు ఆకర్షణ ఉంటుందని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. చివరికి ఇద్దరికీ 'అభ్యర్థి ఒకటిన్నర' అనే పేరు ఖాయమైంది. ఎవరు ఎవరో తెలియడం లేదని నేనంటే, చిదంబరేశ్వరరావుగారు ఎంతో తృప్తిగా, అదే తటస్థత అన్నారు.

మూడో సమావేశానికి రంగులు పోయాయి. ప్రతి రంగూ ఎవరో ఒకరి జెండాలో ఉంది. నలుపు తెలుపు చేస్తే, అభ్యర్థుల్లో ఒకరు చామనఛాయ, ఇంకొకరు తెలుపు అని బయటపడింది. మనుషుల్ని తీసేశాం. మాటల్లో మా ప్రాంతపు యాస ఉంది, ఇతర ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన ఓటర్ల మనోభావాలు దెబ్బతింటాయన్నారు. మాటలు తీసేశాం. పొలాలు మిగిలాయి. వరికంకి జాబితాలో ఉంది. ఆకాశం మిగిలింది. అందులో ఒక పక్షి ఎగిరింది. చివర వేసే 'శుభం' అనే అక్షరాలైనా ఉంచుదామని నేను చేతులు జోడించాను. శుభం ఎవరికో స్పష్టం చేయాలన్నారు.

అన్నీ పోగా తెల్లని తెర మిగిలింది. నిడివి తగ్గిద్దామా అంటే, ఆమోదం పొందిన నిడివి ముప్ఫై ఎనిమిది నిమిషాలు, దాన్ని మార్చాలంటే ఫైలు మళ్లీ మొదటి నుంచి నడవాలి. తెలుపు కూడా రంగే కదా అని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. అందరం కంగారుపడ్డాం. భౌతికశాస్త్రం లెక్చరర్‌ను పిలిపిస్తే, తెలుపు అన్ని రంగుల కలయిక అని చెప్పాడు. అప్పుడు అధ్యక్షుల ముఖం వెలిగిపోయింది. "అనగా సమస్త పక్షములకూ సమాన ప్రాతినిధ్యం. ఇంతకన్న పరిపూర్ణమైన రాజకీయ విద్య సాధ్యపడదు" అని చిత్రాన్ని ఆమోదించారు.

కాదనాల్సినవాణ్ణి నేనే. రాసిన కథ పోయింది, ఏడ్చిన సన్నివేశం పోయింది. కానీ ఆమోదపత్రం మీద 'కథ, మాటలు: జి. తవిటినాయుడు, ఎం.ఏ.' అని అచ్చయింది. అది చూసుకుని ఊరుకున్నాను.

గడువుకు ఆరు రోజులుంది.

ప్రదర్శన మా కళాశాల సెమినార్ హాల్లో పెట్టాం. ఓటు వయసు వచ్చినవాళ్లు రెండు వందల పద్నాలుగు మంది. నూకరత్నం మొదటి వరుసలో కూర్చుంది. దీపాలు ఆర్పారు. తెర తెల్లబడింది. ఐదు నిమిషాలు పిల్లలు ఓపికగా చూశారు, ఇంకా మొదలవలేదనుకుని. పదో నిమిషంలో వెనక వరుసలవాళ్లకు అనుమానం వచ్చింది. పదిహేనో నిమిషంలో ఎవడో హీరో వచ్చినట్టే ఈల వేసి, చింపిన కాగితం ముక్కలు గాల్లోకి విసిరాడు. హాలంతా అందుకుంది. నా పక్కన కూర్చున్న చిదంబరేశ్వరరావుగారు నోటు పుస్తకంలో 'స్పందన అమోఘం' అని రాసుకున్నారు.

తర్వాత ఒకడు ప్రొజెక్టరు వెలుగుకు అడ్డంగా వేళ్లు పెట్టి తెర మీద కుందేలు నీడ ఆడించాడు. ఆయన లేచి నిలబడి, జాబితా తిరగేసి, కుందేలు అందులో లేదని నిర్ధారించుకుని కూర్చున్నారు. ప్రొజెక్టరు దగ్గరున్న బంగారయ్య నా చెవిలో, "మాస్టారూ, ఇది బొమ్మేనా, బొమ్మకి ముందొచ్చేదా?" అన్నాడు. చూడమన్నాను. అతను నిజంగానే చూశాడు. ముప్ఫై ఎనిమిది నిమిషాలూ కళ్లు మూయకుండా చూసినవాళ్లు ఆ హాల్లో ఇద్దరే. ఒకరు బంగారయ్య, రెండోవారు నూకరత్నం. నేను మధ్యలో కునుకు తీశాను.

మర్నాడు పరీక్ష. ప్రశ్నపత్రమూ, జవాబుల కీ మొదటి ప్రతి నాడే అచ్చయిపోయాయి. చిత్రం మారినంత మాత్రాన కీ మారదని కార్యాలయం నుంచి స్పష్టీకరణ వచ్చింది. చిత్రంలో మీకు నచ్చిన పాత్ర ఏది, పతాక సన్నివేశం మిమ్మల్ని ఎట్లు కదిలించినది, చిత్రం చూచిన పిదప మీలో కలిగిన మార్పు ఏమి, ఇలాంటివి నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. కీ పొద్దున్నే కళాశాల గేటు ఎదుటి జిరాక్సు కొట్టులో చిన్న చీటీగా దొరికింది. సిలబసు ఏదైనా మా ఊళ్లో అది ఆ కొట్టుకు చేరకుండా ఆగదు. నూట తొంభై మంది ధర్మయ్య మాస్టారి నిజాయితీని వేనోళ్ల పొగిడారు. తల్లి సిరా వేలిని కళ్లకద్దుకున్నప్పుడు తమకు దుఃఖం ఆగలేదని రాశారు. చూడని సినిమాకు అంత చక్కగా ఏడ్చిన పిల్లల్ని చూసి, కథ బాగానే కుదిరిందన్నమాట అనుకున్నాను.

ఇరవై నలుగురు చీటీ కొనలేదు. అందులో ఇరవై ముగ్గురు తెల్లకాగితం ఇచ్చారు. నూకరత్నం రాసింది:

'నాకు నచ్చిన పాత్ర: మనుషులు లేరు. తెర మీద కుడివైపు ఒక బల్లి కాసేపు నడిచింది. పతాక సన్నివేశం: దీపాలు వేశారు. నాలో కలిగిన మార్పు: కళ్లు నొప్పి పెట్టాయి. నేను చూసినది: తెల్లతెర.'

ఎర్రసిరా పెన్ను తీశాను. కీ చూశాను. అందులో బల్లి లేదు. ఐదుకు సున్నా, ఐదుకు సున్నా, ఐదుకు సున్నా, ఐదుకు సున్నా. కూడిక కూడా సరిచూశాను.

ఫలితాలు అంటించిన గంటకు ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. నేను జాలిగా ముఖం పెట్టి, బ్యాక్‌లాగ్ అందరికీ వస్తుందనీ, సప్లిమెంటరీ ఉంటుందనీ ఓదార్చాను. సప్లిమెంటరీ ఎప్పుడని అడిగింది. ఎన్నికల తర్వాత నెలలో అని చెప్పాను.

"ఎలచ్చన్ అయిపోయాక పాసయితే నాకేటి లాభం మాస్టారూ?"

"రూల్ అలా ఉందమ్మా."

"నాను రాసింది అబద్ధమా?"

కాదన్నాను.

"ఆళ్లు రాసింది నిజమా?"

దానికీ కాదనే అనాలి. మూడో ప్రశ్న అడగలేదు. తల వంచుకుని నిలబడింది. అది ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. వాళ్లమ్మ నామినేషన్ వేసేసిందని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

అప్పటికి నాలో కొంచెం కదలిక వచ్చింది. పునర్మూల్యాంకనం కోరుతూ రెండు పేజీల లేఖ రాసుకుని నేనే చిదంబరేశ్వరరావుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, లేఖ మొత్తం చదివారు.

"విద్యార్థిని సత్యమే రాసినదని మీ వాదన. మేము కాదనుట లేదు. కానీ కీలో లేని సత్యమునకు మార్కులు కేటాయించబడలేదు" అన్నారు.

రెండో పరీక్షకుడి చేత దిద్దించే అవకాశం ఉంటుంది కదా అన్నాను. ఉంటుందనీ, అయితే ఆ పరీక్షకుడు చిత్రమును ఆసాంతం వీక్షించినవాడై ఉండాలనీ చెప్పారు. అలాంటివాడు బంగారయ్య ఒక్కడే ఉన్నాడన్నాను. గెజిటెడ్ హోదా ఉందా అని అడిగారు. లేదు. ఆయన లేఖ మడిచి నాకిచ్చి, నా నిబద్ధతను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే నాకు మెట్లు దిగేటప్పుడు కొంత తేలికగా ఉంటుంది. ఆ రోజూ ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఉంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం దరఖాస్తుల కట్ట నా బల్ల మీదే ఉంది. దారం ఇంకా కట్టలేదు. నూకరత్నం దరఖాస్తు సొరుగులో ఉంది. తీసి మధ్యలో దూర్చడానికి రెండు క్షణాలు చాలు. చూసేవాళ్లు లేరు. బంగారయ్య ఉన్నాడు గానీ, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతను ఎందుకలా నిలబడ్డాడో నాకు తర్వాత అర్థమైంది. నేను మాత్రం కవరు వైపు చూశాను. దాని మీద నా దస్తూరీలోనే 'మొత్తం: నూట తొంభై' అని ఉంది. లోపల నూట తొంభై ఒకటి తేలితే జవాబు ఎవరు చెప్పాలి? దారం కట్టి, ముడి వేసి, కట్ట పంపించేశాను. బంగారయ్య ఇటు తిరిగి, సొరుగు వంకా నా వంకా చూసి, టీ తేవడానికి వెళ్లాడు. తేలేదు.

పోలింగ్ డ్యూటీ నాకు ఆ పల్లెలోనే పడింది. వరుసలో రెండో అధికారిని, వేలికి సిరా పెట్టేవాణ్ణి. ప్రాథమిక పాఠశాలలో గది. పదిగంటలు దాటాక నూకరత్నం వచ్చింది. చేయి పట్టుకుని ముసలామెను నడిపించుకొస్తోంది. వాళ్ల నాన్నమ్మ సూరమ్మ. రెండు కళ్లూ కనపడవు. చూపు లేని ఓటరుకు పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి తోడు రావచ్చు. దానికి సినిమా చూడనక్కర్లేదు, పరీక్షా లేదు.

ముసలామె ఎడమచేతి వేలికి సిరా పెట్టాను. తోడు వచ్చినవాళ్లకు కుడిచేతి చూపుడువేలికి పెట్టాలని నిబంధన. నూకరత్నం అడగకుండానే కుడిచేయి బల్ల మీద పెట్టింది. గోరు మీద పెట్టాల్సిన సిరాను వేలు సగం దాకా పూసేశాను.

"ఎవులే అది, మీ మాస్టారా?" అని ముసలామె అడిగింది.

"అవునే."

"బాగా చదివిస్తన్నారా, బాబూ?"

అవునన్నాను.

పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు ఆ మధ్యాహ్నమే. ఆ వార్డు కాగితాల్ని విప్పి, గుర్తుల వారీగా పేర్చింది నేనే. అప్పలకొండకు ఉంగరం గుర్తు, అవతలి మనిషికి కత్తెర. ఉంగరానికి అరవై రెండు. కత్తెరకు అరవై రెండు దాకా వచ్చాక చేతిలో ఇంకొక్క కాగితం మిగిలింది. దాన్ని విప్పకుండా ఉండే నియమం ఏదైనా ఉందా అని నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాను. కత్తెర. మళ్లీ లెక్కించమని అప్పలకొండ తరఫు ఏజెంటు అడిగాడు, లెక్కించాం. మూడుసార్లు లెక్కించినా అరవై రెండు, అరవై మూడు. ఈసారి చీటీలు తీయాల్సిన అవసరం లేకపోయింది.

అప్పలకొండ బయట అరుగు మీద కూర్చుని ఉంది. బట్టీలో జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆమె వేళ్లు నల్లబారి ఉన్నాయి. ఫలితం విని, కొంగు దులుపుకుని లేచి, "నడవే, బిందెలట్టుకుని రేవుకెళ్లాల" అని కూతుర్ని పిలిచింది. నూకరత్నం వెళుతూ నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

పది రోజులకు సంఘం నుంచి ప్రొఫార్మా వచ్చింది. అందులో తొమ్మిదో గడి: 'చిత్ర ప్రదర్శన వలన ఎన్నికల ఫలితములపై కలిగిన ప్రభావము, అంకెలలో.' జిల్లాలో అన్ని కళాశాలలూ ఆ గడి ఖాళీగా వదిలేశాయట. నాకు మాత్రం నిజాయితీగా జవాబు తెలుసు. 'ఒక వార్డు, ఒక ఓటు' అని రాశాను. అది చదివి ఎవరైనా నన్ను పిలిపిస్తారని, అడుగుతారని, అప్పుడు మొత్తం చెప్పాలని ఎదురుచూశాను. ప్రశంసాపత్రం వచ్చింది. సినిమా ద్వారా ఎన్నికల ఫలితాన్ని ప్రభావితం చేసినట్టు అంకెలతో నిరూపించిన ఏకైక కళాశాల మాదని, వచ్చే ఏడు ఈ చిత్రాన్ని అన్ని డివిజన్లలో ప్రదర్శించనున్నారని అందులో ఉంది. జీవితంలో మొదటిసారి ఒక అచ్చు కాగితాన్ని రెండోసారి చదవలేకపోయాను.

సప్లిమెంటరీ పరీక్షకు ఇరవై నలుగురిలో ఒక్కతే వచ్చింది. అదే హాలు, అదే తెల్లతెర, అవే నాలుగు ప్రశ్నలు. నూకరత్నం సినిమా నడిచినంతసేపూ తెర వంక చూడలేదు, కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాగితం ఇవ్వగానే ఆగకుండా రాసి పది నిమిషాల్లో తెచ్చి ఇచ్చింది. అక్కడే నిలబడి చదివాను.

నచ్చిన పాత్ర ధర్మయ్య మాస్టారట. ఆయన నిజాయితీ తనకు ఆదర్శమట. పతాక సన్నివేశంలో తల్లి సిరా వేలిని కళ్లకద్దుకున్నప్పుడు తాను వెక్కి వెక్కి ఏడ్చిందట. ఈ చిత్రం చూశాక ప్రజాస్వామ్యం మీద తనకు అచంచలమైన నమ్మకం కుదిరిందట.

"ఇలా ఎందుకు రాశావే?" అన్నాను. "నీకు ఇవన్నీ కనిపించాయా?"

"పాసవ్వాలి కదా మాస్టారూ" అంది. గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. "అయిదేళ్లకి మా అమ్మ మళ్లీ నిలబడతాది. అప్పుడు కూడా ఉన్నదున్నట్టు రాసీసి కూకుంటే ఎలాగ?"

ఆ మాట చెప్పి, నేను మార్కులు వేస్తానని ఎదురుచూస్తూ నిలబడింది. కీ తీసి పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి పోల్చాను. ఎక్కడైనా ఒక్క మాట తప్పిపోతే బాగుండునని వెతికాను. తప్పలేదు. ఇరవైకి ఇరవై వేశాను.